చేపల దాక ఎవరు తోమాలి?

గోదావరికి ఎర్రనీరు రాగానే ఈ శీర్షికకు చేపల ఉత్తరాలు మొదలవుతాయి. శ్రావణ శుక్రవారం నోముకు ఇల్లు కడుక్కునే ఇల్లాలు ఒకవైపు, పులస కోసం ఏడాదంతా కాచుకుని కూర్చున్న ఇంటాయన మరోవైపు. అందుకని ఈసారి మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి, ఆలుమగల్లో ఒకరు మాంసం తిని మరొకరు తినని ఇళ్ల నుంచి వచ్చినవాటికే జవాబులు రాస్తున్నాను. నాదీ అలాంటి ఇల్లే. పప్పు, పచ్చడి, పెరుగు తప్ప ఎరగని ఇంట్లో పుట్టి, చేప లేనిదే ముద్ద దిగని నరసాపురం వైపు ఇంటికి కోడలిగా వెళ్లాను. నేను ఇప్పటికీ తినను. మావారు ఇప్పటికీ మానలేదు.

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా పుట్టింట్లో గుడ్డు కూడా వండరు. మావారిది అమలాపురం దగ్గర పల్లె. ఇద్దరం హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తూ, పెద్దలను ఒప్పించి పెళ్లి చేసుకున్నాం. ‘నేను బయట తింటాను, ఇంట్లోకి తేను’ అని పెళ్లికి ముందు ఆయనే మాట ఇచ్చారు. ఆ మాట మీదే ఉన్నారు కూడా. ఈ మధ్య మామయ్యగారు పోయాక అత్తయ్యగారు మా దగ్గరకు వచ్చేశారు. ఆవిడ కోసమని మొదలై, ఇప్పుడు ప్రతి ఆదివారం వాళ్ల తిండే. చేపో, రొయ్యలో. పోయిన వారం ఊరి నుంచి పులస వచ్చింది. ఆ పులుసు రాత్రంతా వంటింటి గట్టు మీదే ఉంది. పొద్దున్న కాఫీ పెట్టుకోవడానికి వెళ్లి వాంతి చేసుకున్నాను. ‘నిన్ను తినమనలేదుగా, వండిపెట్టడానికేం?’ అంటారు ఆయన. ‘కోనసీమ కోడలికి చేపల పులుసు రాకపోతే ఎలా?’ అంటారు అత్తయ్యగారు. నేను చేయనంటే తప్పా?

జవాబు: తప్పు లేదమ్మా. ముట్టుకుంటేనే కడుపులో తిప్పే పదార్థాన్ని పొలుసు తీసి, కడిగి, ఉప్పు చూడకుండా వండి వడ్డించమని అడగడం న్యాయం కాదు. ఉప్పు చూడలేని మనిషి వండిన పులుసు ఎలా ఉంటుందో మీ అత్తగారికి నాకన్నా బాగా తెలుసు. వండను అనండి. నెమ్మదిగా అనండి, కానీ ఒక్కసారే అనండి. రోజూ అంటే అది పోట్లాట అవుతుంది.

అయితే ‘ఇంట్లోకే రాకూడదు’ అనడానికి ఆ పాత మాట ఇక ఆసరా కాదు. అది మీరిద్దరే ఉన్న ఇంటికి సరిపోయిన ఒప్పందం. ఇప్పుడు మూడో మనిషి వచ్చారు, ఆ ఒప్పందంలో ఆవిడ లేరు. మీవారు ఆఫీసు దగ్గర ఏ హోటల్లోనో తిని రాగలరు. భర్త పోయి, ఊరు వదిలి, లిఫ్టు ఎక్కడం కొత్తగా నేర్చుకుంటున్న పెద్దావిడ ఎక్కడికి వెళ్లి తింటారు? ఆవిడ నాలుకకు మిగిలిన ఊరు ఆ పులుసే.

పులస సంగతి మీ ఇంట్లో ఎవరూ మీకు వివరంగా చెప్పి ఉండరు, నేను చెబుతాను. ఇది సముద్రపు చేప. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస అంటారు. వరదల కాలంలో గుడ్లు పెట్టడానికి గోదావరిలోకి ఎదురీదుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట దాకా వచ్చే ఆ ప్రయాణంలో ఒంట్లోని ఉప్పు తగ్గి రుచి మారుతుందంటారు. దొరికేది ఏడాదిలో రెండు మూడు నెలలే, ధర వేలల్లో. పుస్తెలు అమ్మైనా పులస తినాలన్న సామెత అందుకే పుట్టింది. ఇక మీకు వాంతి తెప్పించిన ఆ రాత్రి సంగతి. పులస పులుసును వండిన పూట తినరు. మట్టి దాకలో చింతపండు పులుసు, బెండకాయలు, కొందరైతే పైన కాస్త ఆవకాయ నూనె వేసి, సన్నని సెగ మీద మరిగించి దించేసి, మర్నాడు తింటారు. ముల్లుకు పులుపు పట్టాలి. కాబట్టి మీ అత్తగారు దాన్ని గట్టు మీద వదిలేసింది మీ మీద కోపంతో కాదు, ఆ పాకం పద్ధతే అది. కాకపోతే దాక గట్టు మీదే ఉండాలని ఆ పద్ధతిలో ఎక్కడా లేదు.

మా అత్తగారి ఇంట్లో చేపల పొయ్యి పెరట్లో ఉండేది. దాక, గరిటె, కత్తిపీట మూడూ వేరు. వంటయ్యాక దాకను బూడిదతో తోమి, జామచెట్టు మొదట్లో బోర్లించేవారు. నా పెళ్లైన కొత్తలో ఆ తోమే పని కోడలిదే అని ఇంట్లో ఆడవాళ్లంతా అనుకుంటుంటే, మా అత్తగారే ‘తిన్న చెయ్యే తోముతుంది’ అని మావారి చేతికి కొబ్బరి పీచు ఇచ్చారు. పాతికేళ్ల మగపిల్లవాడు పెరట్లో కూర్చుని చేపల దాక తోముతుంటే ఇరుగుపొరుగు గోడ మీద నుంచి చూశారు. ఆ తరువాత మా ఇంట్లో చేపల మీద తగవు రాలేదు. మావారు అత్తెసరు ఆకలికి చేపలు తేవడం కూడా తగ్గింది, అది వేరే సంగతి.

మీ అపార్ట్‌మెంట్లో పెరడు లేదు, బట్టలు ఉతికే బాల్కనీ ఉంటుంది కదా. అక్కడ ఒక ఇండక్షన్ పొయ్యి పెట్టించండి. మట్టి దాక దాని మీద వేడెక్కదు కాబట్టి అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె ఒకటి కొనమనండి. పులసకు దాకే కావాలని అత్తగారు పట్టుబడితే చిన్న గ్యాసు పొయ్యి పెట్టుకోవాలి, గాలి ఆడేలా చూసుకోండి. దాక వాసనను పీల్చుకుంటుంది, ఎంత తోమినా పూర్తిగా వదలదు. కాబట్టి అందులో పొరపాటున కూడా మీ పప్పుచారు కాగకూడదు. ప్లాస్టిక్ డబ్బా కూడా అంతే. స్టీలు, గాజు అయితే వాసన పట్టవు. ఫ్రిజ్‌లో పచ్చి చేప మూత బిగించిన డబ్బాలో, అన్నిటికన్నా కింది అరలో ఉండాలి. ఇది మీ కోసం పెట్టే నియమం అనుకోకండి. పచ్చి మాంసం నీళ్లు కింద ఉన్న వండిన పదార్థం మీద కారితే రోగం వస్తుంది కాబట్టి మాంసం తినే ఇళ్లలోనూ పాటించాల్సిందే.

వాసన గురించి ఇంకొక్క మాట. సముద్రపు చేప చచ్చాక దాని ఒంట్లోని ఒక పదార్థాన్ని సూక్ష్మజీవులు ట్రైమిథైలమీన్‌గా మారుస్తాయి. మన ముక్కుకు తగిలేది అదే. పులుపు తగిలితే అది గాలిలోకి లేవకుండా అణుగుతుంది. మన పెద్దలు చేపను ఉప్పు, పసుపు, నిమ్మరసంతో కడగడం, చింతపండు పులుసులో వండడం ఊరికే కాదు. చేపల కొట్టులోనే పొలుసు తీయించి, ముక్కలు కొట్టించి తెమ్మనండి. ఆ చెత్త సంచి ఆ రాత్రే కిందికి దిగాలి. వంటగట్టును, సింకును నిమ్మచెక్కతో రుద్ది కడగాలి.

ఇవన్నీ ఎవరు చేయాలి? మీవారు. మాట ఇచ్చింది ఆయన, మార్చుకుంటున్నదీ ఆయనే. తేవడం, తోమడం, చెత్త దించడం ఆయన వంతు. వండడం అత్తగారి వంతు, ఆవిడకు ఓపిక ఉన్నంత కాలం. ఓపిక తగ్గాక కొడుకే నేర్చుకుంటాడు. ‘వండిపెట్టడానికేం’ అన్న మనిషి రెండు ఆదివారాలు సింకు కడిగాక ఆ మాట మళ్లీ అంటారేమో నాకు రాయండి.

ఇప్పుడు మీకొక మాట, కాస్త చేదుగా ఉంటుంది. మీ ఉత్తరంలో ‘వాళ్ల తిండి’ అని రాశారు. మన దగ్గర ఎవరింట్లో ఏ కూర అని అడిగితే కులం అడిగినట్టే. మీకు ఆ ఉద్దేశం ఉండి ఉండదు, కానీ వినేవారి చెవికి అది మామూలు మాటగా వెళ్లదు. మీ అమ్మగారు మీ ఇంటికి వచ్చినప్పుడు వేరే గ్లాసులో మంచినీళ్లు తాగుతారా? తాగితే, అత్తగారు అది గమనించకుండా ఉండరు. 2014లో రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయం చేసిన నమూనా సర్వే ప్రకారం తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ పదిహేనేళ్లు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులే. ఇక్కడ వింత అలవాటు మీదీ నాదీ. నలుగురి నడుమ వేరుగా ఉండే హక్కు మనకు ఉంది. ముక్కు మూసుకుని కనబడే హక్కు లేదు.

అత్తగారి దగ్గర నేర్చుకోవలసినవి వేరే ఉన్నాయి. పనసపొట్టు కూరకు ఆవ ఎప్పుడు కలపాలో, కందా బచ్చలీ ఎంత సేపు ఉడకాలో, పనస ఆకుల బుట్టల్లో ఇడ్లీల్లాంటి పొట్టెక్కలు ఎలా వేయాలో కోనసీమ ఆడవాళ్లను అడగాలి. ‘చేప నాకు రాదు అత్తయ్యా, ఇవి నేర్పండి’ అనండి. పైగా పులసలో వేసే బెండకాయలు, పులుసు పాళ్లు అచ్చం మన బెండకాయ పులుసువే. ఆవిడ చేత ఒక గిన్నెలో చేప వేయకుండా విడిగా పెట్టించుకోండి. ఆ పూట ఇద్దరూ ఒకేసారి కూర్చుని తినొచ్చు.

అన్నట్టు, ఆ వాంతి ఒక్కసారితో ఆగిందా? మళ్లీ మళ్లీ అవుతుంటే పులస మీద నింద వేయకుండా డాక్టరమ్మను కలవండి.

ప్రశ్న: నేను వరంగల్ వాణ్ణి. నా భార్య శాకాహారి. ఆమె అడగకపోయినా పెళ్లిలోనే అందరి ముందు ‘ఈ రోజు నుంచి మానేశాను’ అని గొప్పగా ప్రకటించాను. కొన్నాళ్లు నిలబడ్డాను. ఇప్పుడు స్నేహితులతో కలిసి బిర్యానీ తింటున్నాను. సోంపు నమిలి, కారులో ఉంచుకున్న వేరే చొక్కా వేసుకుని ఇంటికి వెళ్తున్నాను. ఆమెకు ఎలా చెప్పాలి?

జవాబు: ఆమెకు తెలుసు నాయనా. వెల్లుల్లిలోని గంధకపు పదార్థం రక్తంలో కలిసి ఊపిరితిత్తుల నుంచి గంటల తరబడి బయటకు వస్తూనే ఉంటుంది. నోట్లో సోంపు దానికి ఏమీ చేయలేదు. పొద్దున వేసుకున్న చొక్కా ఒకటి, సాయంత్రం ఒంటి మీద ఉన్నది మరొకటి అయితే, బిర్యానీ కన్నా పెద్ద అనుమానాలు వస్తాయి. అవి రాకముందే చెప్పండి. శనివారం, సోమవారం వద్దు. ఆమె తలంటుకుని పూజకు కూర్చునే రోజు అసలే వద్దు. మామూలు మంగళవారం, మామూలు టీ తాగుతూ, ‘ఆ రోజు పెళ్లిలో ఎక్కువ మాట్లాడాను, నిలబెట్టుకోలేకపోతున్నాను’ అనండి చాలు. బిర్యానీ ఎంత బాగుంటుందో వర్ణించకండి. ఆమెకు ఏది భరించరానిదో అడగండి. కొందరికి బయట తిన్నా పరవాలేదు, తిని వచ్చి స్నానం చేయకుండా పడుకుంటే పడదు. కొందరికి ఇంట్లో ఆ కవరు కనిపిస్తే పడదు. మీ ఇంట్లో ఏదో ఆమె నోటి నుంచే వినండి.

ప్రశ్న: గుంటూరు నుంచి రాస్తున్నాను. మా పాపకు తొమ్మిదో నెల. నేను శాకాహారిని, మావారు అన్నీ తింటారు. పిల్లల వైద్యం చదువుతున్న మా ఆడపడుచు పాపకు గుడ్డు పెట్టమంటోంది. ‘ఆడపిల్లకు తల్లి అలవాటే రావాలి’ అని మా అమ్మ ఒప్పుకోవడం లేదు. మీరు శాకాహారులు కాబట్టి మీరే చెప్పండి.

జవాబు: నేను శాకాహారిని కాబట్టి మీ అమ్మగారి పక్షాన రాస్తానని నమ్మకం పెట్టుకున్నారు. కుదరదు. ఆరు నెలల నుంచి రెండేళ్లలోపు పిల్లలకు మాంసమో, చేపో, గుడ్డో రోజూ పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఒక గుడ్డులో దాదాపు ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. పళ్లు లేని నోటికి అంత సులువుగా దిగే బలమైన ఆహారం మన వంటింట్లో మరొకటి దొరకడం కష్టం.

పెట్టకుండా పెంచలేమా అంటే, పెంచవచ్చు. మనమంతా అలా పెరిగినవాళ్లమే. కానీ రెట్టింపు శ్రద్ధ కావాలి. బి12 విటమిన్ మొక్కల్లో దొరకదు. పాలు, పెరుగు నుంచి వస్తుంది, గుడ్డు నుంచి వస్తుంది. మీరు పాలిస్తున్నారు కాబట్టి మీలో అది తక్కువైతే పాపకూ తక్కువే. ముందు మీరు రక్తపరీక్ష చేయించుకోండి. రెండోది, పప్పు కట్టు. ఆ పైన తేరిన నీళ్లు పోసి పప్పన్నం పెట్టామనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. బలం అడుగున ఉండిపోతుంది. ముద్దపప్పు మెత్తగా చిదిమి, నెయ్యి వేసి అన్నంలో కలపండి. మాంసకృత్తుల్లో ఉండే లైసిన్ అనే భాగం బియ్యంలో తక్కువ, దాన్ని పప్పు భర్తీ చేస్తుంది; మెథియొనిన్ అనే మరో భాగం పప్పులో తక్కువ, దాన్ని బియ్యం భర్తీ చేస్తుంది. మూడోది ఇనుము. ఆకుకూర పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఒంటికి బాగా పడుతుంది. అయినా చాలదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు ప్రభుత్వమే ఇనుము సిరప్పు ఇస్తోంది, మీ ఆశా కార్యకర్తను అడగండి, మోతాదు డాక్టరు చెప్పినట్టే.

ఇక ఏ ఇంటి అలవాటు అన్న ప్రశ్న. పాపకు తల్లి ఎంతో తండ్రీ అంతే. గుడ్డు పెట్టాలని ఇద్దరూ అనుకుంటే, ఉడకబెట్టి, పెంకు తీసి, చిదిమి పెట్టే పని నాన్నది. పచ్చసొన కూడా గట్టిపడేలా పూర్తిగా ఉడకాలి. మొదటిసారి కొంచెమే, అదీ పొద్దుటి పూట పెట్టండి. ఒంటి మీద దద్దుర్లు, వాంతులు ఏమైనా వస్తే డాక్టరు అందుబాటులో ఉంటారు. పెద్దయ్యాక పాప తనకు ఇష్టం లేదంటే మానేస్తుంది. మీ అమ్మగారికి ఈ జవాబు చదివి వినిపించి, నన్ను రెండు తిట్లు తిట్టనివ్వండి.

ప్రశ్న: మాది నల్లగొండ. మావారు ఏటా అయ్యప్ప మాల వేస్తారు. ఆ 41 రోజులు ఇంటిల్లిపాదీ నియమంగానే ఉంటాం. పోయిన ఏడాది మాల తీశాక ఆయన మాంసం పూర్తిగా వదిలేశారు. సంతోషమే. కానీ ఇప్పుడు ఇంట్లో మాంసం వండకూడదంటున్నారు. దసరాకు కూడా వద్దన్నారు. పిల్లలు పక్కింటి మటన్ వాసన చూస్తూ పప్పు తిన్నారు. నేనూ తినే మనిషినే.

జవాబు: దసరా నాడు నల్లగొండలో మాంసం లేని ఇల్లు! జమ్మి ఆకు పంచి, పాలపిట్టను చూసి వచ్చి, ఇంట్లో పప్పన్నమా? మీ పిల్లల ముఖాలు నాకు కనిపిస్తున్నాయి.

ఆయన మానడం ఆయన ఇష్టం. మాల వేసిన రోజుల్లో మీరంతా ఆయన కోసం నోరు కట్టుకున్నారు. మిగతా రోజుల్లో మీ నోటిని ఆయన మీకు వదలాలి. దీక్ష తీసుకున్నవారు తమ నాలుకను అదుపులో పెట్టుకోవాలి, పక్కవారి కంచాన్ని కాదు. శాకాహారి అయినంత మాత్రాన నేను ఆయన పక్షం కాను. ఇంట్లో కొత్తగా శాకాహారి అయినవారికి ఉండే ఆవేశం పుట్టుకతో శాకాహారులైన మాకు ఉండదు.

ఆయనతో వాదన పెట్టుకోకుండా రోజులు పంచుకోండి. మాల వేసిన 41 రోజులు, కార్తీకం, శనివారాలు ఆయనవి. ఆదివారం, దసరా, మీ అమ్మగారింటి బోనాలు మీవి. పూజగది వంటింటిని ఆనుకుని ఉంటే తలుపో, తెరో వేయించండి. ఆయనకు వేరే గిన్నెలు, వేరే గరిటెలు ఇవ్వండి, అడగకముందే ఇవ్వండి. మీ ఆదివారం పూట ఆయనకు ఏం కావాలో ఆయన వండుకుంటారు. శబరిమల ప్రయాణాల్లో స్వాములంతా కలిసి వండుకుంటారు కదా, ఆయనకు చేయి తిరిగే ఉంటుంది.

ప్రశ్న: గుడ్డు పెట్టిన పళ్లెం, ఆమ్లెట్ కలిపిన గిన్నె వేడినీళ్లతో ఎంత తోమినా నీచు వాసన పోవడం లేదు. మా అత్తగారు వాటిని పట్టుకోరు. (విశాఖపట్నం)

జవాబు: ఆ వేడినీళ్లే కొంప ముంచుతున్నాయి. వేడి తగిలితే గుడ్డు సొన గిన్నెకే ఉడికి అంటుకుంటుంది. తిన్న వెంటనే చన్నీళ్లు పోసి చేత్తో తుడిచేయండి. తరువాత తడి గిన్నెలో చెంచాడు శనగపిండి చల్లి రుద్ది కడగండి, లేదా పిండేసిన నిమ్మచెక్కతో రుద్దండి. ఆ పైన సబ్బు, ఆ తరువాతే కావాలంటే వేడినీళ్లు. గుడ్డు గిన్నెలు తోమే పీచు వేరుగా పెట్టుకోండి, వాసన సగం ఆ పీచులోనే ఉంటుంది. కాసేపు ఎండలో బోర్లిస్తే ఇంకా మంచిది. అత్తగారి పళ్లెం మాత్రం మొదటి నుంచీ వేరే అరలో పెట్టండి.